మోటారు బిగించాక

కూల్‌డ్రింక్ షాపాయన కింది పెదవి మీద రక్తం గింజలా ఉబ్బి గడ్డం మీదికి జారింది. పెద్ద డాక్టరమ్మ డ్రిల్లు చప్పున పైకి తీసేసింది. పెడల్ మీంచి కాలు తియ్యడం మర్చిపోయింది కాబట్టి అది గాల్లో కీచుమని తిరుగుతూనే ఉంది.

కుర్చీకి అటు పక్కన చిన్న డాక్టరమ్మ నిలబడి ఉంది. ఒక చేత్తో ఆయన బుగ్గ లాగి పట్టుకుంది, రెండో చేతిలో నోట్లో నీళ్ళు లాగే గొట్టం ఉంది. ఆ రెండు చేతులూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ సంగతి అక్కకీ తెలుసు, చెల్లెలికీ తెలుసు.

"ఏంటండీ? ఏమైంది?" అన్నాడు షాపాయన, మత్తుకి సగం మొద్దుబారిన నోటితో.

"ఏం లేదండీ, గొట్టం కదిలింది," అంది పెద్ద డాక్టరమ్మ. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "కాస్త చూసుకోవద్దూ? నోరది," అని చెల్లెలి మీద విసుక్కుంది కూడా.

తలుపు బార్లా తీసి ఉంది. బయట బెంచీల మీద కూర్చున్నవాళ్ళు మెడలు సాచి చూశారు. చిన్న డాక్టరమ్మ ఒక్కసారి అక్క ముఖంలోకి చూసి, "సారీ అండీ," అంది షాపాయనతో. దూది తీసి పెదవి మీద అదిమి పట్టుకుంది. పన్ను మీద ఆ పూటకి తాత్కాలికంగా సిమెంటు పెట్టి, మిగతా పని వచ్చే వారానికి అని చెప్పి ఆయన్ని పంపించేశారు.

పెద్ద డాక్టరమ్మ చెడ్డ మనిషేం కాదు. అబద్ధం ఆడడం అలవాటున్న మనిషి కూడా కాదు. అలవాటు లేనివాళ్ళు ఆడితే ఎలా ఉంటుందో అలాగే ఉంది, అవసరానికి మించి ఆడేసింది.

మధ్యాహ్నం పనిముట్లు ఉడకబెట్టే చిన్న గదిలో చెల్లెలు తలుపు దగ్గరగా వేసింది.

"అక్కా, గొట్టం కదల్లేదు."

"అయిపోయిందానికి ఇప్పుడు పంచాయితీ ఎందుకే?"

"నీ చెయ్యి వణికింది. ఇవాళ ఒక్కరోజే కాదు, కొన్నాళ్ళుగా చూస్తున్నా. సూది గుచ్చేటప్పుడు మోచెయ్యి కుర్చీకి ఆనించుకుంటున్నావు. ఎవరికైనా చూపించుకో."

చెల్లెలు మెల్లగానే అంది. అక్కే నిప్పులు చెరిగింది. "ఓహో, పెద్ద కుర్చీ మీద కన్ను పడిందా? అడిగితే ఇవ్వనా? దానికి నాకు లేని జబ్బు అంటగట్టాలా?"

చిన్న డాక్టరమ్మ ట్రేలో పట్టకార్లు వరసగా సర్ది, మూత పెట్టి, వెళ్ళిపోయింది. అప్పట్నుంచి ఇద్దరి మధ్యా పని మాటలే. "ఎక్స్‌రే ఇలా ఇవ్వు." "ఇదిగో." అంతే.

ఇల్లంతా ఒక్కటే కట్టడం. కింద పళ్ళాసుపత్రి, పైన అక్కాబావల కాపురం, వెనక వాటాలో చెల్లెలు. అన్నిటికీ పైన మేడ. మేడ మీద నీళ్ళ టాంకు పక్కన, టార్పాలిన్ కప్పుకుని, పెద్ద డాక్టరమ్మ టెలిస్కోపు.

ఆ సాయంత్రం చీకటి పడగానే ఆమె టార్పాలిన్ తీసింది. కళ్ళు చికిలించి గొట్టంలోంచి చూసే రోజులు ఎప్పుడో పోయాయి. గొట్టం చివర కెమెరా, కెమెరా నుంచి లాప్‌టాప్‌కి తీగ. చుక్కల గుంపుల్ని ఫొటోలు తియ్యడం ఆమెకి పిచ్చి. ఆ పిచ్చికి లాప్‌టాప్ ముందు కూర్చునే గుమస్తా వాళ్ళాయన, లెక్కల మాస్టారు.

ఫొటోకి అన్నిటికన్నా పెద్ద తలనొప్పి ఫోకసు. కెమెరా తగిలించిన లోపలి గొట్టాన్ని పక్కనున్న చక్రం తిప్పుతూ ముందుకీ వెనక్కీ జరపాలి. వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే చుక్క కాస్తా అప్పడంలా పరుచుకుంటుంది. ఆమె చక్రం మీద వేళ్ళు వేసింది. తెర మీద చుక్క గజగజలాడింది.

"ఏమోయ్, నీ చుక్కకి చలిజ్వరంలా ఉంది," అన్నాడు మాస్టారు.

"కింద లారీ పోయింది కదా."

"లారీ పోయి చాలాసేపైంది. మొన్న స్టాండు బాగోలేదన్నావు, మార్చాం. తర్వాత మేడ అదురుతోందన్నావు, కాళ్ళ కింద రబ్బరు ముక్కలు పెట్టాం. ఇంక ఇక్కడ మార్చనిది నన్నొక్కణ్ణే."

"మిమ్మల్ని మార్చడం మీ అమ్మగారి వల్లే కాలేదు, నావల్ల ఏమవుతుంది?"

మాస్టారు పగలబడి నవ్వాడు. తర్వాత ఫోన్ తీసి చూపించాడు. ఫోకసు చక్రం తీసేసి ఆ ఇరుసుకి బిగించే మోటారు, ఆవిడకి చెప్పకుండా తెప్పిస్తున్నాడు. లాప్‌టాప్‌లో మీట నొక్కితే చాలు, అదే తిరుగుతుంది. టెలిస్కోపుని మనిషి తాకే పనే ఉండదు.

"ఎవరు ముట్టుకున్నా వణుకుతుందట. ప్రపంచంలో అందరికీ ఇదే గోల అట. అందుకే మోటార్లు కనిపెట్టారు," అన్నాడు.

పెద్ద డాక్టరమ్మకి ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం. ఎవరు ముట్టుకున్నా వణుకుతుంది. ఆ ఒక్క ముక్కా పట్టుకుని ఆ రాత్రి నిద్రపోయింది.

కూల్‌డ్రింక్ షాపుకి రాని మనిషి ఆ వీధిలో లేడు. వాచిన పెదవి చూసి అడగని మనిషీ లేడు. షాపాయన సీసా మూత తీసిన ప్రతిసారీ కథ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ కథ కొంచెం కొంచెం లావెక్కింది. వారం తిరిగేలోపు వీధంతా తేల్చేసింది, చిన్న డాక్టరమ్మకి చెయ్యి కుదురు లేదని.

మొదట ఒకావిడ కూతుర్ని చిన్న డాక్టరమ్మ గది గుమ్మం దాకా తెచ్చి, బోర్డు చూసి, మళ్ళీ వెనక్కి తీసుకుపోయింది. "పెద్దావిడ ఖాళీ అయ్యేదాకా కూర్చుంటామండీ, తొందరేం లేదు," అంది. పిల్ల బుగ్గ బూరెలా వాచి ఉంది. తొందర లేకపోవడం ఏమిటి?

ఆ తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో సాకు చెప్పారు. ఒకాయనైతే సాకు కూడా వెతుక్కోలేదు. "ఆ అమ్మాయి వద్దండీ, పెదాలు కోసేస్తుందట," అన్నాడు గట్టిగా. రెండు గదుల మధ్య గోడ పలచటిది. అటుపక్క చిన్న డాక్టరమ్మ స్టూలు జరిపిన చప్పుడు, ఆ వెంటనే కుళాయి తిప్పిన చప్పుడు వినిపించాయి. పెద్ద డాక్టరమ్మ నీళ్ళు నమిలి, "నోరు తెరవండి," అంది.

విడ్డూరం ఏమిటంటే, వణికే చెయ్యి ఉన్న కుర్చీ ముందు జనం కిటకిటలాడుతున్నారు, నిలకడైన చెయ్యి పక్క గదిలో ఈగలు తోలుకుంటోంది. పెద్ద డాక్టరమ్మ సులువైనవి మాత్రం చూసి, లోతు పనులన్నీ ఏదో ఒకటి చెప్పి వాయిదా వేసింది. ఎడం చేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఒకరిద్దరికి సిమెంటు పెట్టింది. నిద్ర చాలడం లేదనుకుంది. కాఫీ ఎక్కువైందనుకుని కాఫీ మానేసింది. మోటారు వచ్చేస్తే అన్నీ సర్దుకుంటాయని కూడా అనుకుంది. మోటారుకీ పళ్ళకీ ఏం సంబంధమని అడిగితే ఆమె దగ్గర సమాధానం లేదు.

పార్సెల్ శనివారం వచ్చింది. ఆదివారం ఆసుపత్రికి సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక టెలిస్కోపు గొట్టాన్ని కిందికి తెచ్చి, మంచం మీద పాత దుప్పటి పరిచి పడుకోబెట్టారు. మాస్టారు ముక్కలన్నీ దుప్పటి మీద పేర్చాడు. అగ్గిపెట్టెకి కొంచెం పెద్దదిగా ఉన్న మోటారు, దాన్ని మొయ్యడానికి ఎల్ ఆకారం రేకు, మోటారునీ ఇరుసునీ కలిపే ఇత్తడి కప్లింగు, తీగ, నాలుగైదు తల లేని బుల్లి స్క్రూలు.

పాత చక్రం ఊడదియ్యడం తేలికగానే అయింది. రేకు దగ్గర పేచీ వచ్చింది. లోపలి గొట్టాన్ని జరిపే ఫోకసర్ కింద బిగిస్తే ఒక మూల లేచి కూర్చుంటోంది. మోటారు వంకరగా నిలబడితే ఇరుసు పట్టేస్తుంది. మాస్టారు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, గుడ్డతో తుడిచి, చివరికి సుత్తి ఎక్కడుందని అడిగాడు.

"సుత్తా! చేతులు తియ్యండి ముందు."

ఆమె కింద ఆసుపత్రిలోకి వెళ్ళి నీలం కాగితం తెచ్చింది. పన్ను కట్టాక కాటు ఎక్కడ ఎత్తుగా ఉందో చూడ్డానికి పేషెంటు చేత కొరికించే కాగితం అది. రేకుకీ ఫోకసర్‌కీ మధ్య పెట్టి అదిమి తీసింది. రేకు మూలన నీలం మచ్చ పడింది. అక్కడ చిన్న ఆకురాయితో రెండు రాపులు రాసి, మళ్ళీ కాగితం పెట్టి చూసింది.

"ఇక మీ టెలిస్కోపుని పుక్కిలించి ఉమ్మమనండి డాక్టరుగారూ," అన్నాడు మాస్టారు.

ఆమెకి నవ్వొచ్చింది. ఆ వారమంతా నవ్వని నవ్వు. రేకు అతికినట్టు కూర్చుంది. పని చేస్తుంటే తన చేతుల మీద తనకి ప్రేమ పుట్టుకొచ్చింది. ఎవరన్నారు ఈ చేతులకి ఏదో అయిందని?

తర్వాత తల లేని స్క్రూ. బియ్యపు గింజంత కూడా లేదు. దాన్ని, తిప్పడానికి వాడే అలెన్ కీ కొసన నిలబెట్టి, కప్లింగు పక్కనున్న బెజ్జంలోకి దించాలి. దించబోతే పడింది. దుప్పటి మడతల్లో వెతికి తీసింది. మళ్ళీ పడింది. ఈసారి మంచం కింద. మాస్టారు పాకుతూ వెళ్ళి టార్చి వేసి దాన్ని పట్టుకొచ్చాడు. మూడోసారి కీ కొస బెజ్జం అంచుకి టకటకా కొట్టుకుంది. ఆ చప్పుడు గదిలో స్పష్టంగా వినిపించింది.

"ఇటివ్వు," అన్నాడు మాస్టారు.

"మీకు చేతకాదు."

"చేతకాదులే, ఇటివ్వు."

బల్బు మార్చడానికి ఎలక్ట్రీషియన్‌ని పిలిచే మనిషి. నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్క ప్రయత్నంలో స్క్రూ దించేశాడు. దించాక గర్వంగా ఆమె వైపు చూశాడు. ఆమె కుడి చేతిని దుప్పటి కిందికి తోసి కూర్చుని ఉంది. మాస్టారు చూపు తిప్పుకుని, "తీగ ఎటు పెట్టాలి?" అన్నాడు.

చీకటి పడేసరికి మేడ మీద అంతా సిద్ధమైంది. మీట నొక్కితే మోటారు మూలిగింది తప్ప తిరగలేదు. మాస్టారు గాభరాపడ్డాడు. లోపలి గొట్టం జారకుండా పైన బిగించే తాళం మర అలాగే బిగించి ఉందని ఆమెకి గుర్తొచ్చి, రెండు చుట్లు వదులు చేసింది. మోటారు సన్నగా గుర్రుమంటూ కదిలింది.

లాప్‌టాప్ తనంతట తనే మోటారుని కొంచెం కొంచెం జరిపి, జరిపినప్పుడల్లా ఒక ఫొటో తీసి, చుక్క ఎంత లావుందో కొలిచి, ఆ కొలతని తెర మీద బొట్టుగా పెడుతూ పోయింది. ఆ బొట్లు వరసగా కిందికి దిగి, అడుగున మలుపు తిరిగి, మళ్ళీ పైకెక్కాయి.

"పారబోలా!" అని కేక పెట్టాడు మాస్టారు. "పిల్లలకి చెప్పీ చెప్పీ గొంతు అరిగిపోయింది, ఇది దేనికి పనికొస్తుంది సార్ అంటారు వెధవలు. ఇదిగో, దీనికి!"

మలుపు అడుగున మోటారు ఆగింది. తెర మీద చుక్క సూది మొనంత అయింది. కదలడం లేదు. కింద వీధిలో లారీ పోయింది, కదల్లేదు. మాస్టారు లేచి అటూ ఇటూ తిరిగాడు, అప్పుడూ కదల్లేదు. స్టాండులో లోపం లేదు, మేడలోనూ లేదు.

"మరదలు పిల్లని పిలుస్తానుండు, ఇది చూడాలి," అంటూ ఆయన పిట్టగోడ మీంచి వంగి వెనక వాటా వైపు కేకేశాడు. అక్క వద్దనేలోపే చెల్లెలు మెట్లెక్కి వచ్చింది. అక్క వైపు చూడలేదు.

"ఏంటి బావా, ఇల్లు పీకి పందిరేస్తున్నారు?"

"మా మోటారు చూడమ్మా. మీ అక్క దానికి కాటు కూడా సరిచేసింది."

చెల్లెలు టెలిస్కోపు గొట్టం మీద చెయ్యి వేసి, అడుగునున్న మోటారు కోసం వంగింది. తెర మీద చుక్క ఎగిరిపడింది. అక్క తెర వైపే చూస్తోంది. ఎగిరిపడిన చుక్క రెండుసార్లు ఊగి, నిలబడిపోయింది. చెల్లెలి చెయ్యి ఇంకా గొట్టం మీదే ఉంది. బావ ఏదో చెబుతున్నాడు, ఆమె ఊకొడుతోంది, చెయ్యి తియ్యలేదు. చుక్క మేకు కొట్టినట్టు అక్కడే ఉంది.

"బాగుంది బావా," అని చెల్లెలు దిగి వెళ్ళిపోయింది. మాస్టారు కాఫీ కలుపుకొస్తానని ఆమె వెనకే దిగాడు.

పెద్ద డాక్టరమ్మ ఒక్కర్తే మిగిలింది. లేచి, చెల్లెలు చెయ్యి వేసిన చోటే తన ఎడం చెయ్యి ఆనించింది. చుక్క ఎగిరి, ఊగి, ఆగింది. ఎడం చెయ్యి తీసి కుడి చెయ్యి ఆనించింది. చుక్క ఎగిరింది. ఊగింది. ఆగుతుందేమోనని చూసింది. ఊగుతూనే ఉంది, ఒకే తూకంలో, ఆపకుండా. ఊపిరి బిగబట్టినా ఆగలేదు. చెయ్యి తీస్తే ఆగింది. మళ్ళీ పెట్టి చూసింది.

ఎవరు ముట్టుకున్నా వణుకుతుందన్నది నిజమే. కానీ ఎవరు ముట్టుకున్నా కాసేపటికి ఆగుతుంది. ఇంతకాలం స్టాండుని అన్నది, లారీల్ని అన్నది, మేడని అన్నది. నోరులేనివి కాబట్టి అవి పడ్డాయి. నోరున్న చెల్లెలు కూడా పడింది.

ఆమెకి భయం వేసింది. ఈ చేత్తోనే తను తనయింది. ఇది పోతే ఇంకేం చేస్తుంది, ఏమని చెప్పుకుంటుంది? భయం వెనకే సిగ్గు వచ్చింది. సిగ్గే ఎక్కువగా ఉంది. మాస్టారు కాఫీ తెచ్చేసరికి ఆవిడ టార్పాలిన్ కప్పేస్తోంది.

"అదేంటి, ఫొటో తియ్యవా? ఇంత చేసి?"

"రేపు తీద్దాం," అని, కాస్త ఆగి, "నా చెయ్యి బాగాలేదండీ," అంది.

మాస్టారు కప్పులు పిట్టగోడ మీద పెట్టాడు. "తెలుసు," అన్నాడు. "నువ్వే చెప్తావని చూస్తున్నా."

సోమవారం ఉదయం బెంచీలు నిండిపోయాయి. కూల్‌డ్రింక్ షాపాయన అందరికన్నా ముందొచ్చి, గోడవారగా కూర్చున్నాడు. పెదవి మానింది, సన్నటి గీత మిగిలింది. చిన్న డాక్టరమ్మ గది తలుపు తీసే ఉంది, లోపల పేషెంట్లెవరూ లేరు.

"మీ పన్ను ఇవాళ చిన్న డాక్టరమ్మ చూస్తారండీ," అంది కౌంటర్ దగ్గరి అమ్మాయి, పెద్ద డాక్టరమ్మ తనకి చెప్పినట్టే.

"ముందే చెప్తున్నానమ్మా, పెద్దావిడైతేనే నోరు తెరుస్తా. ఒకసారి అయిన శాస్తి చాలు," అన్నాడాయన, పదిమందీ వినేలా. ఇద్దరు ముగ్గురు తలలూపారు.

లోపల పెద్ద డాక్టరమ్మ సగం గ్లవ్స్ తొడుక్కుని వింటోంది. ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంటికెళ్ళిపోవచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు, అయ్యో పాపం అంటారు. కానీ ఆ మచ్చ చెల్లెలి మీదే ఉండిపోతుంది. ఆమె గ్లవ్స్ తీసి డబ్బాలో పడేసి, బయటికొచ్చింది.

"ఆ రోజు మీ పెదవి కోసింది నా డ్రిల్లండీ. గొట్టం కదల్లేదు. మా చెల్లెలి చేతిలో ఏ తప్పూ లేదు. నా చెయ్యి వణికింది."

షాపాయన పెదవి తడుముకున్నాడు. "మరి ఆ రోజు అలా చెప్పారేంటండీ?"

"అబద్ధం చెప్పాను."

బెంచీల మీంచి ఒకావిడ సంచీ చంకన పెట్టుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. పెద్ద డాక్టరమ్మ ఆపలేదు.

"భలేవారే! నేను షాపులో కనబడ్డవాడికల్లా చెప్పానే ఆ అమ్మాయి గురించి," అన్నాడు షాపాయన. కోపం కన్నా ఆయనకి ఇబ్బందే ఎక్కువగా ఉంది. "ఇప్పుడు మళ్ళీ ఎంతమందికని చెప్పను?"

"ఎంతమందికి చెప్పారో అంతమందికీ చెప్పండి. పెద్ద డాక్టరే ఒప్పుకుందని చెప్పండి."

చిన్న డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అక్క చెయ్యి పట్టుకుని పనిముట్ల గదిలోకి లాక్కెళ్ళింది.

"ఇంతమందిలో చెప్పాలా? నాకు చెప్తే చాలదూ?"

"ఇంతమందిలోనే కదే నీ మీద వేసింది."

"కుర్చీ మీద కన్నేశానన్నావు. అది ఇంతమందిలో అనలేదు. నాకొక్కదానికే అన్నావు."

అక్క తల వంచుకుంది. "అన్నాను. అది ఇంకా పెద్ద తప్పు."

చెల్లెలు కళ్ళు భుజానికి తుడుచుకుంది, చేతులకి గ్లవ్స్ ఉన్నాయి మరి. "నీ మీద కోపం పోలేదు నాకు. ఇప్పట్లో పోదు కూడా. ఎవరికి చూపించుకుంటావు?"

"నువ్వు ఎవరంటే వాళ్ళకి."

"మధ్యాహ్నం వెళ్దాం. ఇప్పుడు పద, ఆయన లేచిపోతాడు."

షాపాయన లేచిపోలేదు. చిన్న డాక్టరమ్మ కుర్చీలో కూర్చుని, చేతిపిడులు గట్టిగా పట్టుకుని, వచ్చినవాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూశాడు. చెల్లెలు సూది గుచ్చింది. ఆయనకి గుచ్చినట్టే తెలియలేదు, ఇంకా గుచ్చలేదా అని అడిగాడు. చెల్లెలు పాత సిమెంటు తీసి, చూడకుండానే చెయ్యి చాచింది. "అద్దం."

అక్క ట్రేలోంచి చిన్న అద్దం తీసి అందించింది. అద్దం గడగడా వణికింది. కుర్చీలోంచి షాపాయన చూశాడు, గుమ్మం దగ్గర్నుంచి కౌంటర్ అమ్మాయి చూసింది. అక్క చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చెల్లెలు దాన్ని అందుకుని, నోట్లోకి వంగి, "లైటు కాస్త కిందికి దించు అక్కా," అంది.